వటువర్లపల్లిలో మల్లన్న కథ

నల్గొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట చేరేసరికే చీకటి పడింది. ఇక ఆ రాత్రికి అక్కడే ఆగాం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్ళీ పొద్దున ఆరింటికే తెరుస్తారు. శ్రీశైలం రోడ్డు అక్కణ్ణుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది కాబట్టి రాత్రిపూట బండ్లు తిరగనివ్వరు.

మా మేనకోడలు భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. చెంచుల కథలు రికార్డు చేయడం ఆమె పని. తోడు రమ్మంది. రిటైరైన తెలుగు పండితుణ్ణి, నాకు మాత్రం వేరే పనేముంది?

పొద్దున్నే బస్సెక్కి ఘాట్ దాటాం. ఫాల్గుణ మాసం, ఎండిన అడవిలో మోదుగులు మాత్రం ఎర్రగా పూసి ఉన్నాయి. ఫర్హాబాద్ గేటు దగ్గర సఫారీ జీపుల కోసం జనం నిలబడ్డారు. వాళ్ళని దాటుకుని వటువర్లపల్లిలో దిగాం. చెంచుపెంటలు, అంటే చెంచుల గూడేలు, చాలావరకు లోపల అడవిలో ఉంటాయి, వాటికి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. వటువర్లపల్లి రోడ్డు మీదే ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

కథ చెప్పే తాతకు మేనకోడలు ముందే పరిచయం. వేపచెట్టు కింద కూర్చున్నాడు. పక్కనే అవ్వ గంపలో ఇప్పపూలు ఏరుతోంది. రికార్డర్ పెట్టగానే గొంతు సవరించుకుని మల్లన్న కథ ఎత్తుకున్నాడు. శ్రీశైలం మల్లన్న వేటకొచ్చి చెంచు పిల్లను చూసి మనసుపడ్డ కథ. లోకానికి ఆయన దేవుడే గాని చెంచులకు ఇంటి అల్లుడు. తాత ఆ చనువుతోనే చెప్పాడు. మధ్యలో కథ ఆపి నా వైపు తిరిగి, "అల్లుడైనంక తేనెకు పోవాలె గద సారూ. కొండ మీంచి తాడు కట్టుకుని దిగితే పైన తాడు ఎవరు పట్టాలె? బామ్మర్దే పట్టాలె. అన్నదమ్ముడు పట్టొద్దు" అన్నాడు. అక్క పసుపు కుంకుమలు కాపాడుకోవాల్సినవాడు కాబట్టి బామ్మర్ది తాడు వదలడని ఆ నమ్మకం. ఈ లెక్కన మల్లన్నకీ ఒక బామ్మర్ది తాడు పట్టుంటాడు. పురాణాల్లో నాకు ఎక్కడా దొరకని సంగతి.

కథ అయ్యాక మేనకోడలు లాప్‌టాప్ తెరిచింది. భాషాశాస్త్రం వాళ్ళ పద్ధతిలో ప్రతి వాక్యాన్నీ మూడు వరుసల్లో రాస్తారు: పైన చెప్పిన మాట, నడుమ ముక్కముక్కకీ అర్థం (దాన్ని "గ్లాస్" అంటారు), కింద తాత్పర్యం. మామూలుగా ఇంగ్లీషులో రాసేదే, నా కోసం ఒక వాక్యం తెలుగులో వేసి చూపించింది:

మల్లన్న వేట-కు వచ్చి-ండు=అంట
మల్లన్న వేట-కోసం వచ్చు.గతం-అతడు=వినికిడి
మల్లన్న వేటకు వచ్చాడు.

పై వరుసలో ఎన్ని అడ్డగీతలుంటే కింది వరుసలోనూ అన్నే ఉండాలి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో కూర్చిన పది నియమాల్లో అదొకటి. "ఇది మన ప్రతిపదార్థం, తాత్పర్యమే కదమ్మా" అన్నాను. కాదంది. ఆలోచిస్తే నిజమే. బళ్ళో మేం ప్రతిపదార్థం చెప్పేటప్పుడు పెద్ద పెద్ద సమాసాలకే కుర్చీ వేసేవాళ్ళం, చివర తగిలే ప్రత్యయాలను పట్టించుకునేవాళ్ళం కాదు. ఇక్కడ ఆ చిన్న "అంట"కు కూడా చోటుంది. తాత్పర్యంలో మాత్రం అది రాలిపోయింది. తాత దాదాపు ప్రతి వాక్యం చివరా "అంట" అన్నాడు. నేను చూడలేదు, నాకు చెప్పిన పెద్దలున్నారు అని దాని భావం. నడి వరుస లేకపోతే తాత కళ్ళారా చూసినట్టే చెప్పాడని ఎక్కడో కూర్చుని చదివేవాడు అనుకుంటాడు.

చెంచులు మాట్లాడేది తెలుగే కదా, దానికింత తతంగం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. 1940 ప్రాంతంలో ఇక్కడ వాళ్ళ మధ్య ఉండి 1943లో పుస్తకం వేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కూడా వాళ్ళ మాట తెలుగేనన్నాడు. అంతర్జాతీయ భాషా కోడ్‌ల జాబితాలో మాత్రం చెంచుకు "సీడీఈ" అని విడిగా కోడ్ ఉంది. ఆ తగవు నేను తీర్చేది కాదు. కానీ బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ దొర చేయించిన దేశభాషల సర్వేను తల్చుకుంటే మాత్రం ఈ పని అవసరమే అనిపించింది. ఆయన ప్రతి భాషలోనూ మొదటి నమూనాగా బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథనే చెప్పించాడు. పోల్చడానికి అది వీలే. స్థానిక కథకు రెండో నమూనాగా చోటిచ్చాడు. హైదరాబాద్ సంస్థానమైతే ఆ సర్వే పరిధిలోకే రాలేదు.

మధ్యాహ్నం తాతకు ఆయన గొంతే వినిపించి అర్థం కాని మాటలు అడిగాం. అప్పుడు గమనించాను, తెర మీద అవ్వకు విడిగా ఒక వరుస ఉంది. ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఇవ్వొచ్చు. అవ్వ వరుస నిండా "ఊ" కొట్టే మాటలే. పైకి అన్నీ ఒకటే, విన్నప్పుడు కాదు. మల్లన్న పిల్లను చూసిన చోట సాగదీసిన "ఊ", పెళ్ళి మాట దగ్గర గట్టిగా "అవ్", ఒకచోట విసుగ్గా "ఆ, ఎన్క?" ఆ విసుగు తర్వాత తాత రెండు సంగతులు ఎగరగొట్టి ముందుకు దూకాడు. మధ్యలో అవ్వ గంపలోకొచ్చిన మేకను తోలడానికి లేచింది. ఆమె తిరిగొచ్చి కూర్చునేదాకా తాత నోరు మెదపలేదు. మేం ఇద్దరం ఎదురుగానే ఉన్నాం, మేం శ్రోతల లెక్కలోకి రాలేదన్నమాట! కథ తాతదని రాసుకున్నాంగాని సగం నడిపింది అవ్వ.

అవ్వ రికార్డింగ్ అంతా విని, "పాట ఇడిసిపెట్టిండు" అని తేల్చేసింది. పాట తాత చెల్లెలికి వస్తుందట, ఆమె లోపలి పెంటలో ఉంటుంది. సలేశ్వరం జాతర అయినంక రమ్మన్నారు. చైత్ర పౌర్ణమి అంటే ఎంతో దూరం లేదు.

తిరుగు బస్సులో మేనకోడలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పని మొదలుపెట్టింది. ఒక్క నిమిషం మాటకు గంటలు పడుతుంది. కన్యాశుల్కం మాట వచ్చిన చోట తాత దగ్గాడు, నాకు అది ఉత్త దగ్గులా అనిపించలేదు. "దాన్నీ రాయమ్మా" అన్నాను. "దగ్గుకు గ్లాస్ ఏం రాయాలి మామయ్యా?" అంది. డిండి దాకా అదే వాదన.