సర్వేలో మా ఇంటికి పడిన ఎర్ర మార్కులు

ఇంగ్లండ్‌లో ఇంటి ధర కుదిరినంత మాత్రాన బేరం అయిపోయినట్టు కాదు. రెండు వైపుల లాయర్లూ ఒప్పంద పత్రాలు మార్చుకునే దాకా ఎవరైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. అప్పటి దాకా బయానా కూడా చేతులు మారదు. కొనేవాళ్ల తరఫున ఇంటి స్థితిని పరీక్షించే సర్వేయర్ వచ్చేది సరిగ్గా ఈ మధ్య కాలంలోనే.

మన వైపు ఇల్లు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, వాస్తు చూస్తారు. ఇటుకల జోలికి పోయేవాళ్లు తక్కువ. ఇక్కడ సర్వేయర్ అటకలోకి తొంగిచూసి, గోడలకు చెమ్మ చూసే మీటరు ఆనించి, ఒక్కో భాగానికి 1, 2, 3 అని మార్కులు వేస్తాడు. 1 అంటే ఆకుపచ్చ, 3 అంటే ఎరుపు. రెడింగ్‌లో మేం అమ్మకానికి పెట్టిన మా ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటి వరుస ఇళ్లలో ఒకటి. ముందు గదిలో చెమ్మ, వెనక పైకప్పు, వంటగది పక్కన ఎప్పుడో తీసేసిన గోడ, ఈ మూడింటికీ ఎరుపు పడింది.

నివేదికకు డబ్బు కట్టింది కొనేవాళ్లు కాబట్టి అది మా చేతికి రాలేదు. ఏజెంటు ఫోను మాత్రం వచ్చింది: చెమ్మ ఉందట, ఎనిమిది వేల పౌండ్లు తగ్గించమంటున్నారట. తగ్గించి వదిలించుకుందాం అంది మా ఆవిడ. నాకు మనసొప్పలేదు. ఆ పేజీలు, ఆ ఎనిమిది వేల లెక్క పంపితేనే మాట్లాడతానన్నాను.

పంపారు. సర్వేయర్ రాసింది రెండు వాక్యాలే: రీడింగులు ఎక్కువగా ఉన్నాయి, నిపుణులకు చూపించుకోండి. ఎనిమిది వేలు మాత్రం ఉచితంగా వచ్చి చూసి వెళ్లిన ఒక చెమ్మ నివారణ కంపెనీ వేసిన లెక్క. గోడ పొడవునా రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించడం, ప్లాస్టరంతా చెక్కి కొత్తది పూయడం వాళ్ల పని. ఆ పని అమ్ముకునేవాళ్లు అది అక్కర్లేదని ఎందుకు రాస్తారు?

మీటరు సంగతి కూడా తెలుసుకున్నాను. రెండు సూదుల మధ్య విద్యుత్తు ఎంత పారుతుందో కొలిచే ఆ పరికరాన్ని చెక్క కోసం తయారుచేశారు. పాత ప్లాస్టర్‌లో లవణాలు పేరుకున్నా అంకె పైకి పోతుంది. అందుకని ఏ మందూ అమ్మని స్వతంత్ర నిపుణుడికి ఫీజు ఇచ్చి పిలిపించాను.

ఆయన గదిలోకి రాకముందే ఇంటి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేల చెమ్మ పైకి ఎక్కకుండా గోడ అడుగున పలకరాతి పొర ఉంటుంది. బయటి నేల దానికి కనీసం 150 మిల్లీమీటర్లు కిందుండాలి. మాకు ముందున్నవాళ్లు పరిపించిన బండలు ఆ పొరతో సమానంగా ఉన్నాయి. చెక్క నేల కిందికి గాలి పోవడానికి పెట్టిన చిల్లుల ఇటుక సగం పూడిపోయింది. ఆయన స్క్రూడ్రైవరుతో కెలికితే కుళ్లిన ఆకులు, మట్టి ముద్దలుగా రాలాయి. పైన చూరు వెంట వాన నీటిని పట్టే గట్టర్ అతుకు దగ్గర నీరు కారి గోడ మీద పచ్చటి చార కట్టింది. లోపల నేల చెక్క ఒకటి లేపి కింది దూలాలను పొడిచి చూశాడు. చెక్క గట్టిగానే ఉంది.

బండలు తీసి నేల దించండి, ఇటుక శుభ్రం చేయండి, గట్టర్ బాగుచేయండి, రసాయనం అక్కర్లేదు అని రాసిచ్చాడు. పాత మందపాటి గోడ ఆరడానికి నెలలు పడుతుంది, అప్పటి దాకా మీటరు ఎక్కువే చూపిస్తుంది అని కూడా చేర్చాడు. అన్నిటికన్నా పనికొచ్చింది ఆ ముక్కే. లేకపోతే పని పూర్తయ్యాక మళ్లీ మీటరు పెట్టి మళ్లీ బేరం ఆడేవాళ్లు.

ఇదంతా ఫోనులో చెబితే మా నాన్న తెనాలి నుంచి, "రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెంచుకుంటూ పోతే నీళ్లు మన గోడకే కదరా వచ్చేది, దానికి పరీక్షలెందుకు?" అన్నారు. ఆయన ఫీజు అడగలేదు.

ఇక వంటగది పక్కన గోడ తీసేసిన పనికి, అది నిబంధనల ప్రకారం పూర్తయిందని కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఇచ్చే ధ్రువపత్రం లేదు. కౌన్సిల్‌కు ఫోను చేయబోతుంటే మా లాయరు ఆపింది. ఒకసారి వాళ్ల చెవిన పడితే ఇలాంటి వాటికి ఇచ్చే బీమా ఇక ఇవ్వరట. కొద్ది మొత్తంతో ఆ బీమా తీసుకున్నాం. అయితే అది కౌన్సిల్ చర్య తీసుకుంటే అయ్యే నష్టానికే, గోడ బదులు పెట్టిన దూలం బలానికి కాదు. కొనేవాళ్లు ఇంజినీరును పంపుతామన్నారు, న్యాయమే అనిపించి సరేనన్నాను. అతను సీలింగులో చిన్న చతురస్రం కోసి, టార్చి వేసి ఉక్కు దూలం, దాని కొసలు ఆనిన తీరు చూసుకుని వెళ్లాడు. కోసిన చోట అతుకు వేయించే ఖర్చు మాది.

పైకప్పు విషయంలో వాదించలేదు. మేకులు తుప్పుపట్టి పలకలు జారుతున్నాయి, తోటలోంచి చూసినా కనిపిస్తుంది. అలా కనిపిస్తుండగానే వాళ్లు ధర చెప్పారు కాబట్టి మొత్తం ఖర్చు మేం భరించం అన్నాను. ఇద్దరు పనివాళ్ల అంచనాలు తెప్పించి, తక్కువ దానిలో సగం ధరలోంచి తగ్గించాం. మేమే బాగుచేయించి ఇస్తే, రేపు వానకు కారినప్పుడు మా మీదికే వచ్చేవాళ్లు. తగ్గింపు లాయర్ల ద్వారానే రాతలో పెట్టించాం. ధర మారితే వాళ్లకు అప్పిచ్చే బ్యాంకుకు తెలియాలి, దానికి మరికొంత సమయం పట్టింది.

చెమ్మకు మాత్రం ఒక్క పౌండు తగ్గించలేదు. బండలు తీయించి, గోడ వెంట కాలువ తవ్వి గులకరాళ్లు పోయించాం, గట్టర్ అతుకు మార్పించాం. అంతా కలిపి వాళ్లు అడిగినదాంట్లో ఐదో వంతు కూడా కాలేదు. రసీదులు, నిపుణుడి నివేదిక వాళ్ల లాయరుకు పంపాక లాయర్లు ఒప్పంద పత్రాలు మార్చుకున్నారు.