తాషా వినిపించిన నిర్వాణ

1990ల మొదట్లో మన భీమవరం హాస్టల్లో ఉన్నవాళ్ళకి తాషా గుర్తుండే ఉంటాడు. ఊరు సఖినేటిపల్లి వైపు. సెలవులకి ఇంటికెళ్ళాలంటే నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటాలి. వాళ్ళ నాన్నగారిది పెళ్ళిళ్ళకి వాయించే బ్యాండు మేళం. చిన్నప్పట్నుంచీ అందులో తాషా డ్రమ్ము వాయించాడు కాబట్టి మాకు ఆ పేరే అలవాటైపోయింది.

కేబుల్లో ఎంటీవీ కొత్తగా వస్తున్న రోజులవి. నిర్వాణ అనే అమెరికన్ రాక్ బృందం ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ వీడియో చూసినప్పుడు మేమంతా గాయకుడు కర్ట్ కోబేన్ అరుపు దగ్గరే ఆగిపోయాం. స్కూలు జిమ్‌లో పిల్లలు లేచి గెంతుతుంటే మాకూ ఒళ్ళు ఊగింది. తాషా మాత్రం, “గిటారు సంగతి తర్వాత. ముందు ఆ డ్రమ్ము వినండ్రా. అది డ్యాన్సు దెబ్బ. ఊరేగింపులో జనాన్ని లేపాలంటే మా నాన్న ఇలాగే మొదలెడతాడు” అన్నాడు. రాక్‌లో డ్యాన్సేమిటని వాదించాం. చాలా ఏళ్ళ తర్వాత డ్రమ్మర్ డేవ్ గ్రోల్ స్వయంగా చెప్పాడు, ఆ దెబ్బలు డిస్కో, ఫంక్ లాంటి డ్యాన్సు పాటల నుంచి తెచ్చుకున్నవని. ఆ ఇంటర్వ్యూ చూసిన రోజు నాకు ముందుగా మన తాషాయే గుర్తొచ్చాడు.

ఆ పాట ఉన్న ‘నెవర్‌మైండ్’ నిర్వాణ రెండో ఆల్బమ్, 1991 సెప్టెంబర్ 24న వచ్చింది. 1989 నాటి మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ ఆరొందల చిల్లర డాలర్లతో తయారైంది, అందులో గ్రోల్ లేడు. 1990లో అతను వచ్చి చేరాకే బృందం దశ తిరిగిందని తాషా వాదన. నాకూ అదే నిజమనిపిస్తుంది. అమెరికాలో మొదట యాభై వేల కాపీలు కూడా వేయని ‘నెవర్‌మైండ్’, 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ని బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితా మొదటి స్థానం నుంచి దించేసింది. హాస్టల్లో సగం మంది జాక్సన్ స్టెప్పులు వేసేవాళ్ళే. వాళ్ళకిది మింగుడుపడలేదు.

మా దగ్గరున్నది రికార్డింగ్ చేయించుకున్న క్యాసెట్. హిట్ పాట ఒక్కటే రివైండ్ చేసుకుని వింటుంటే తాషాకి కోపం వచ్చేది. “రెండో వైపు కూడా తిప్పండ్రా” అనేవాడు. అతనికి ప్రాణం చివరి పాట, ‘సమ్‌థింగ్ ఇన్ ద వే’. వంతెన కింద బతికే మనిషి పాట అది. కోబేన్ కంట్రోల్ రూమ్‌లో సోఫా మీద పడుకుని దాదాపు గుసగుసగా పాడితే నిర్మాత బుచ్ విగ్ అలాగే రికార్డ్ చేశాడు. తర్వాత చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం కలిపారు. డ్రమ్ములు పగిలిపోయేలా కొట్టే గ్రోల్‌ని బాగా మెల్లగా వాయించమన్నారు. ఇవేవీ అప్పట్లో మాకెవరికీ తెలియవు. అయినా తాషా ఆ పాట విన్న ప్రతిసారీ, “అంత చెయ్యున్నోడు ఇంత మెల్లగా వాయించాడంటే మామూలు విషయం కాదు” అనేవాడు. వానాకాలం రాత్రుళ్ళు కరెంటు పోతే బ్యాటరీలు వేసి మరీ వినిపించేవాడు. సంగీతం వినడం నేను అతని దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట మన పాత విద్యార్థుల కలయిక కోసం వేస్తున్న ఈ సంచికలో అచ్చులో ఉండాలని నా కోరిక.

1994 ఏప్రిల్లో కోబేన్ పోయాడు. వయసు 27. తాషా ఆ వారమంతా టేప్‌రికార్డర్ ముట్టలేదు.

ఇప్పుడు నాన్నగారి మేళం అతనే నడుపుతున్నాడు. ఈసారి కలయికకి వస్తానన్నాడు. నిర్వాహకులకి ఒక్క మనవి: స్టేజీ మీద డ్రమ్ సెట్ ఒకటి అద్దెకి పెట్టించండి. అద్దె నేనిస్తాను.