మహేంద్రగిరి మీద మైకు పిలుపు

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడం ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చాలా ఇళ్లకు ఆనవాయితీ. కొండ మీదకు జీపులు వెళతాయి. కానీ మా బావ నడిచి వస్తానని మొక్కుకున్నాడు, ఆ పుణ్యంలో నాకూ వాటా వచ్చింది. 1501 మీటర్ల శిఖరం చేరేసరికి చీకటి పడింది, మోకాళ్లు మొరాయించాయి. తూర్పు గాంగ రాజులు కులదైవంగా కొలిచిన గోకర్ణేశ్వరుడికి కుంతి గుడిలో దండం పెట్టుకుని, గోడవారగా దుప్పటి పరిచి జాగరణకు కూర్చున్నాం. జాగరణ అనడమే గానీ నేను అప్పుడే కునికిపాట్లు పడుతున్నాను.

మైకులో ఒడియాలో ప్రకటన వినిపించింది. శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తప్పిపోయింది, తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాళ్లు పందిరి దగ్గరకు రావాలి.

"మనల్నే" అన్నాడు బావ.

"ఇంత జనంలో, ఈ మంచులో దొరుకుతుందా?"

"దొరక్కపోవచ్చు. పిలిచారుగా, లేవోయ్."

పందిరి దగ్గర ఆవిడ కొడుకు గొంతు పోయేలా అరిచి అలసిపోయి ఉన్నాడు. ఆమెకు కుడి చెవి వినపడదట, ఎడమది అంతంతమాత్రమట. అంటే మైకు దండగ. ఫోను లేదు, ఉన్నా అక్కడ సిగ్నల్ లేదు. గుర్తులు అడిగితే ఆకుపచ్చ శాలువా, చేతిలో స్టీలు క్యారియర్ అన్నాడు. ఆ రాత్రి కొండ మీద శాలువా కప్పుకోని ముసలమ్మ ఎవరు? టార్చి వెలుగులో రంగులన్నీ బూడిద రంగే.

యుధిష్ఠిరుడి గుడి దగ్గర రాజేంద్ర చోళుడి శాసనం ఉంది, పులి, చేపల గుర్తులతో. పగలైతే తీరిగ్గా చూసేవాణ్ణి. ఆ రాత్రి మాత్రం దాని కింద ముసుగుతన్ని పడుకున్నవాళ్లనే చూశాను. ఒకావిడ మీద వెలుగు పడగానే "కళ్లు పోయాయా" అని గట్టిగా చీవాట్లు పెట్టింది. పక్కనున్నావిడ "మీ అమ్మా బాబూ?" అని అడిగింది. కాదండీ, ఎవరి అమ్మో అన్నాను. ఆవిడ కొంగు బిగించుకుని మా వెంట వచ్చేసింది.

నేను మాటిమాటికీ ఆగుతుంటే బావ రామాయణం ఎత్తుకున్నాడు. గడువు దాటిపోయి, సీత జాడ తెలియక, చావడానికి దర్భలు పరుచుకుని కూర్చున్న అంగదుడు జటాయువును తలచుకున్నాడు. రథమూ విల్లూ ఉన్న రావణుడి మీదకు రెక్కలు తప్ప ఏమీ లేని ముసలిపక్షి వెళ్లి నేలకూలింది. వానరుల్ని తిందామని గుహలోంచి బయటకు వచ్చిన సంపాతి, తమ్ముడి పేరు చెవిన పడే మనసు మార్చుకున్నాడు, లంక సంగతి చెప్పాడు. "జటాయువు ఊరుకుని ఉంటే వీళ్ల నోట ఆ పేరెందుకు వస్తుంది?" అన్నాడు బావ. బాగానే ఉంది, కానీ మనకు సంపాతి ఎక్కడ దొరుకుతాడు అని విసుక్కున్నాను.

భీముడి గుడి పెద్ద పెద్ద బండలు పేర్చిన చిన్న గుడి. దాని వెనక, గాలి తగలని చోట, ఒక సవర గిరిజన కుటుంబం చలిమంట వేసుకుంది. మేం శాలువాలు చూస్తూ దాటిపోయాం. మా వెంట వచ్చినావిడ చూసింది క్యారియర్‌ని.

మూత తీసి ఉంది. ఉడికించిన చిలగడదుంపలు తొక్క ఒలిచి సవర పిల్లలకు పెడుతోంది ముసలమ్మ. వాళ్లకు తెలుగు రాదు, ఆమెకు సవర రాదు. గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని నిఘంటువే రాశారు. ఆ ఊళ్లో పుట్టిన నాకు "ఉంటాం" అని చెప్పడానికి కూడా మాట రాలేదు. చేతులు జోడించాను, ఇంటాయన నవ్వాడు.

కొడుకు పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు. ఎడమ చెవి దగ్గర "తప్పిపోయావమ్మా" అని అరిచాడు.

"నేనెక్కడికీ పోలేదు. మీరే తప్పిపోయారు" అంది ముసలమ్మ, అతని చేతిలో ఒక దుంప పెడుతూ.

మేం దుప్పటి దగ్గరకు చేరేలోపు మైకు మళ్లీ తెలుగు వచ్చినవాళ్లను పిలిచింది. ఈసారి జీపు కిరాయి తగువు. అది తీరడం ముసలమ్మ దొరకడం కన్నా కష్టం అన్నాను. బావ అప్పటికే అటు నడుస్తున్నాడు.