కెంట్ తోపుల్లో కట్టె పని

నేను పనిచేసేది ఇంగ్లండ్‌లో, కెంట్ కౌంటీ అడవుల్లో. అడవి అనగానే నల్లమల అనుకోకండి, ఐదారు ఎకరాల నుంచి ఏ ముప్పై ఎకరాల దాకా ఉండే చిన్న చిన్న తోపులు, ఒక్కోదానికి ఒక్కో ఓనరు, మధ్యలో పొలాలు, రోడ్లు. మా ఆవిడ నర్సు ఉద్యోగం మీద వచ్చాం, నాది డిపెండెంట్ వీసా, తెలిసినవాళ్ళంతా వేర్‌హౌస్‌లో చేరమన్నారు గానీ నేను ఈ పనిలోకి వచ్చాను, వచ్చాక మానబుద్ధి కాలేదు. చదువుకున్నవాడివి కట్టెలు కొట్టడమేంటని చుట్టాలు అంటూనే ఉంటారు. ఎంత చదువుకున్నా మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సిన పని ఇది.

ఇక్కడ ఎక్కువగా ఉండేది స్వీట్ చెస్ట్‌నట్ అనే చెట్టు. నేల మట్టానికి కొట్టేస్తే మోడు నుంచి పిలకలు లేచి పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళలో మళ్ళీ కోతకొస్తాయి. మన ప్రకాశం జిల్లాలో జామాయిల్ తోటలు చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. ఒకసారి మా నాన్నకి వీడియో కాల్‌లో ఆ పిలకలు చూపిస్తే, "ఇన్నెందుకు ఉంచార్రా, మోడుకి రెండో మూడో ఉంచి మిగతావి తీసెయ్యండి, కర్ర లావెక్కదు" అన్నాడు. "లావు అక్కర్లేదు నాన్నా, ఇవి పేపరు మిల్లుకి కాదు, కంచెలకి. గుంపుగా ఉంటేనే వెలుతురు కోసం పోటీపడి నిటారుగా లేస్తాయి" అన్నాను. "మరి పశువులు మేసెయ్యవూ?" అన్నాడు. సరిగ్గా అదే ఇక్కడి తలనొప్పి, కాకపోతే జింకలతో. లేత పిలక కనిపిస్తే వదలవు, అందుకే కొట్టిన చోట చుట్టూ కంచె వెయ్యడమో, కొట్టిన కొమ్మల్నే మోడు మీద కప్పడమో చేస్తాం.

ఈ చెట్టుకి చిన్న వయసులోనే చేవ పడుతుంది. చేతి మందం కర్రలో కూడా పైన సన్నటి పొర పోతే మిగతాదంతా చేవే, అందుకే మందు పట్టించకుండా భూమిలో పాతినా ఏళ్ళ తరబడి పుచ్చదు. బీరులో వాడే హాప్స్ తీగలకి పూర్వం ఊతకర్రలు ఇవే, ఇప్పుడు ఎక్కువగా కంచెలకి పోతున్నాయి. కర్రని నిలువునా చీల్చేటప్పుడు చీలిక ఒక పక్కకి జారిపోతుంటుంది. అప్పుడు లావుగా ఉన్న సగాన్ని కిందికి తిప్పి దాన్నే వంచాలి, చీలిక మెల్లగా మధ్యకొస్తుంది. ఇది చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది. పచ్చి కర్రలోని టానిన్ ఇనుముకి తగిలి చేతులు నీలినలుపుకి తిరుగుతాయి, సబ్బుతో రుద్దినా ఓ పట్టాన పోదు.

చెట్టు కొట్టడం పాపమని వింటూ పెరిగాను. కానీ ఈ తోపుల్ని వందల ఏళ్ళుగా మనుషులు వంతులవారీగా కొడుతూనే వచ్చారు, కొట్టడం మానేస్తే పైన కొమ్మలు కమ్ముకుని కింద నేల చీకటైపోతుంది, పూలూ ఉండవు, పురుగూ ఉండదు. కాంటర్‌బరీ దగ్గర బ్లీన్ అడవుల్లో హీత్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుక ఉంది, దాని గొంగళిపురుగులు తినే మొక్క కొత్తగా కొట్టిన చోట, ఎండ తగిలితేనే బాగా వస్తుంది. కోత ఆగిన చాలాచోట్ల అది కనిపించకుండా పోయింది. చెట్లని రుద్ది, బెరడు ఒలిచి వెలుతురు తెప్పిస్తాయని 2022 జులైలో అక్కడే అడవిదున్నల్లాంటి బైసన్‌లని కూడా తెచ్చి వదిలారు. కోత ఆగితే అడవికి ఎంత నష్టమో దీన్నిబట్టి చూడండి.

అలాగని ఇష్టమొచ్చినట్టు కొట్టడానికి లేదు. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని మనకి వాల్టా చట్టం ఉన్నట్టే ఇక్కడా లైసెన్సు ఉంది. అది లేకుండా మామూలుగా మూడు నెలలకి ఐదు ఘనపు మీటర్లే కొట్టొచ్చు, అందులో అమ్ముకోగలిగేది రెండే. పక్షులు గూళ్ళు కట్టే కాలంలో కోత ఆపేస్తాం, అందుకే అసలు పనంతా చలికాలంలో, నాలుగింటికే చీకటిపడే రోజుల్లో, మోకాళ్ళదాకా బురదలో.

ఇళ్ళలో కాల్చుకునే కట్టెల సంగతి వేరే. 2021 మే నుంచి ఇంగ్లండ్‌లో రెండు ఘనపు మీటర్ల లోపు అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం దాటకూడదు, పచ్చికట్టె పొగలోని సన్నటి రేణువులు ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆ రూలు పెట్టారు. తేమ కొలిచే మీటరు గుచ్చేది దుంగ చివర కాదు, అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద. చివర ఎప్పుడూ ముందే ఆరుతుంది, అక్కడ అంకె చూసి కొంటే మోసపోతారు. పేర్చిన కట్టెకి పైన మాత్రమే కప్పాలి, పక్కల గాలి ఆడాలి, ఏడాది రెండేళ్ళు ఓపిక పట్టాలి.

ఇప్పుడు మమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెడుతున్నది యాష్ చెట్టు. ఈ దేశంలో 2012లో బయటపడిన ఫంగస్ తెగులు దీన్ని తినేస్తోంది. తెగులు ముదిరిన చెట్టు పెళుసైపోతుంది, కూల్చడానికి కోతలో దూర్చిన వెడ్జ్ మీద సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తే ఆ అదురుకే పైన ఎండుకొమ్మ విరిగి నెత్తిన పడొచ్చు. అందుకే అలాంటివాటిని దూరం నుంచి తాడేసి లాగడమో, మెషీన్‌తో కొట్టించడమో చేస్తాం. రోడ్డు పక్కవి తప్పక తీసెయ్యాలి. కానీ తోపు లోపల ఇంకా నిండుగా ఆకు తొడుగుతున్న యాష్‌లు కొన్ని ఉన్నాయి, వాటి గింజల నుంచి తెగులు తట్టుకునే మొక్కలు రావచ్చని రిబ్బన్ కట్టి వదిలేస్తున్నాం. రిబ్బన్ ఉన్న చెట్టు జోలికి పోవద్దని కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదటిరోజే చెప్తాం.