ఐస్ హాకీ కోచ్ పక్షపాతం ఎక్కడ బయటపడుతుంది?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మామూలుగా జట్టుకి 12 మంది ఫార్వర్డ్‌లు (దాడి చేసేవాళ్లు) ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లుగా, వంతులవారీగా ఆడతారు. 60 నిమిషాల మ్యాచ్‌లో మొదటి లైన్‌కి 18-20 నిమిషాలు, నాలుగో లైన్‌కి 8-10 దొరికితే ‘కోచ్‌కి వాళ్లంటేనే ఇష్టం’ అనేస్తాం. తొందరపడొద్దు. ఆట ఆగినప్పుడు ఆటగాళ్లను చివరగా మార్చుకునే హక్కు సొంత రింక్ జట్టుది; ఎదుటివాళ్ల మేటి లైన్ దిగగానే కోచ్ దాన్ని అడ్డుకునే లైన్‌ని పంపుతాడు. అంటే నిమిషాల తేడా ఎత్తుగడ వల్ల కూడా రావచ్చు.

అసలు పక్షపాతం తెలిసేది తప్పు జరిగాకే. నీలిగీత (రింక్‌ని భాగాలు చేసే గీత) దగ్గర పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) పోగొట్టుకున్న కుర్రాణ్ణి మూడు షిఫ్టులు (ఆడే వంతులు) బెంచీ మీద కూర్చోబెట్టి, అదే తప్పు చేసిన సీనియర్‌ని మరుసటి షిఫ్టుకే దింపితే అది అన్యాయమే. పవర్‌ప్లే, అంటే శిక్ష వల్ల ఎదుటి జట్టులో ఒకరు తగ్గిన సమయం, మరీ ఘోరం: ఆ రెండు నిమిషాల్లో మొదటి యూనిట్‌నే నిమిషంన్నర ఉంచితే రెండోవాళ్లకి పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు) ఎక్కడివి? ఆ పాయింట్లు లేవనే మళ్లీ వాళ్లను కింది లైన్లకు నెట్టేస్తారు.