బండి లేకుండా గోవిందరాజస్వామి గుడి చుట్టూ కాపురం: నా అనుభవం

తిరుపతిలో బండి కొనకుండా, మాటిమాటికీ ఆటో ఎక్కకుండా రోజులు గడవాలంటే నేను చెప్పే చోటు ఒకటే, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల. రామానుజులవారు 1130లో ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించారని, అప్పటి నుంచే ఈ ఊరు పుట్టిందని ఏటా ఫిబ్రవరి 24న తిరుపతి పుట్టినరోజు కూడా చేస్తున్నారు. ముందు గుడి వచ్చింది, తర్వాత దాని చుట్టూ ఊరు. అందుకే ఈ వీధులు రథానికి, మనుషులకు సరిపోతాయి, కార్లకు సరిపోవు. రైల్వే స్టేషను, గాంధీరోడ్డు, తిలక్ రోడ్డు, తీర్థకట్ట వీధి, బండ్ల వీధి, కోదండరామస్వామి గుడి అన్నీ కాళ్లకు అందే దూరంలోనే. కొత్త కాలనీల్లో రోడ్లు వెడల్పే గానీ కొత్తిమీర కట్టకైనా బండి తాళం వెతుక్కోవాలి.

ఇల్లు వెతికే ముందు దారి కొలుచుకోవాలి. మామూలు నడకకు నిమిషానికి 80 మీటర్లు అనుకుంటే పావుగంటలో 1,200 మీటర్లు. పాలు, కూరగాయలు, మందుల షాపు, బస్సు ఎక్కే చోటు ఈ నాలుగూ ఆ పావుగంటలోపు రావాలి. ఫోన్‌లో మ్యాపు చూపించే దూరాన్ని నమ్ముకోవద్దు. అది చాలా సందుల్ని చూపించదు, చూపించినవాటిలో కొన్ని ఎవరి పెరట్లోకో పోయి ఆగుతాయి. చేతిలో సంచీతో స్వయంగా నడవాలి. రెండు చేతుల్లో అయిదేసి కిలోల బరువుంటే పది నిమిషాల నడక కూడా పదిహేనవుతుంది. బియ్యం మూట, నూనె డబ్బా లాంటివి అంగడివాళ్లే ఇంటికి పంపుతారు, ముందే మాట్లాడుకోవాలి. చక్రాల సంచీ ఇక్కడ పనికిరాదు. కాలువ మీద పరిచిన బండల సందుల్లో చక్రం ఇరుక్కుంటుంది.

దిక్కు తెలుసుకోవడం తేలిక. ఏ సందులోంచి బయటపడ్డా కొండ ఎటు కనిపిస్తే అటు ఉత్తరం. గుడి గోపురం ఏడంతస్తులది, మట్లి అనంతరాజు కట్టించింది. కొండ కనిపించని సందులో కూడా అది తల ఎత్తి చూస్తూనే ఉంటుంది.

నీడ లెక్క కూడా ముందే వేసుకోవాలి. తిరుపతి ఎండలో ఇది చిన్న విషయం కాదు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే వీధిలో పొద్దున తూర్పు వరస ఇళ్ల నీడ, మధ్యాహ్నం తర్వాత పడమటి వరస నీడ ఉంటుంది. తూర్పు పడమరలుగా పోయే వీధిలో ఆ సుఖం లేదు, పొద్దున ఎండ ముఖాన కొడుతుంది, సాయంత్రం మళ్లీ కొడుతుంది. ఏప్రిల్ చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు గనక ఆ వేళ ఏ వీధిలోనూ నీడ దొరకదు. అందుకే వేసవిలో బయటి పనులన్నీ పదింటికి ముందే.

ఇక ఇల్లు. టూ లెట్ బోర్డుల కన్నా వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టాయన్ని, ఇస్త్రీ పెట్టే అన్నను అడగడం మేలు. ఏ మిద్దె ఖాళీ అవుతున్నదీ వాళ్లకు ముందే తెలుస్తుంది. ఆషాఢం, పుష్యం శూన్యమాసాలని ఎవరూ కొత్త ఇంట్లో చేరరు. పట్టింపు లేనివాళ్లకు బాడుగ బేరం ఆడటానికి అంతకన్నా మంచి రోజులు లేవు. 'ఏం కులం, ఏం తింటారు' అనే ప్రశ్న చాలా గడపల్లో మొదటిదే. గుడి వీధుల్లో శాకాహారులకే అంటారు. అది అడ్వాన్సు ఇచ్చాక కాకుండా మొదటి మాటలోనే తేల్చుకుంటే ఇద్దరికీ మంచిది.

ఒకే ఇంటిని మూడు వేళల్లో చూడాలి. తెల్లవారుజామున చూస్తే గుడి మైకు ఎంత దగ్గరో తెలుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి పైఅంతస్తు గది గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే, రాత్రికి ఆ గోడ ఎంత వేడిని వదులుతుందో అర్థమవుతుంది. మిద్దె పైన సున్నం కొట్టి లేకపోతే యజమానితో ముందే కొట్టించాలి. రాత్రి తొమ్మిది దాటాక చూసేది పక్క లాడ్జి గురించి. రైలు దిగినవాళ్లు ట్రాలీ సంచులు లాక్కుంటూ వచ్చే శబ్దం, లాడ్జి జనరేటరు, నీళ్ల ట్యాంకరు మోటారు, వీటిలో ఏది పడకగది కిటికీ వైపు ఉందో అప్పుడే తెలుస్తుంది.

నీళ్ల సంగతి ఇల్లుగలాయన్ని అడిగేకన్నా పక్కింటి అక్కను అడగాలి. ఊరికి తాగునీళ్లు తెలుగుగంగ నుంచి, కళ్యాణి డ్యాం నుంచి వస్తాయి. మన కొళాయికి ఏ రోజు, ఏ వేళకు, ఎంతసేపు వస్తాయో ఆమె చెబుతుంది. సంపు ఉందా, ఎన్ని కాపురాలకు ఒక సంపు, మోటారు వేసే హక్కు ఎవరిది అనేవి తర్వాతి ప్రశ్నలు. బోరు నీళ్లు గట్టివా కావా అని చూడ్డానికి కొళాయి మూతి చాలు. తెల్లటి పొక్కు కట్టి ఉంటే సబ్బు నురగ రాదు, గీజరు కడ్డీ తొందరగా పోతుంది.

అందరూ వదిలేసేది కరెంటు మీటరు, జేబుకు చిల్లుపడేదీ అక్కడే. పాత మిద్దెల్లో ఒక సర్వీసు మీటరు కింద రెండు మూడు కాపురాలుంటాయి, లోపల సబ్ మీటర్లు పెట్టి యజమాని వసూలు చేస్తాడు. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు శ్లాబులు ఉన్నాయి. 2022లో వచ్చిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల లెక్కన, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75. రెండు కాపురాలు చెరి 150 యూనిట్లు విడివిడి మీటర్ల మీద వాడితే ఒక్కొక్కరికి 567, మొత్తం 1,134 రూపాయలు. అదే 300 యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే 1,673 దాటుతుంది. ఇది యూనిట్ల చార్జీ మాత్రమే, మిగతా వడ్డింపులు వేరే. అంటే పక్కవాళ్లు ఏసీ కొంటే మన శ్లాబు మారుతుంది. కాబట్టి విడి సర్వీసు నంబరున్న వాటాయే అడగాలి. లేకపోతే యూనిట్‌కు ఇంత అని ఒక ధర ఒప్పందంలో రాయించుకోవాలి.

ఒప్పందం 11 నెలలకు రాస్తారు. అందులో బాడుగ, అడ్వాన్సు ఎటూ ఉంటాయి. లేనివి రాయించుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు సున్నానికి ఎంత కోస్తారు, ఎన్ని నెలల ముందు చెప్పాలి, మోటారు చెడితే ఎవరు బాగుచేయించాలి, మిద్దె పైన బట్టలు ఆరేసుకోవచ్చా. చేరిన రోజు మీటరు రీడింగు, గోడల పగుళ్లు, కొళాయిలు తేదీ పడేలా ఫొటో తీసి యజమానికే వాట్సాప్‌లో పంపితే రెండేళ్ల తర్వాత వాదన ఉండదు.

సామాను దించడం ఈ వీధుల్లో ఒక విద్య. టాటా ఏస్ వెడల్పు అయిదడుగులు. అద్దాలు, పక్కన ఆపిన బండ్లు కలుపుకుంటే ఎనిమిదడుగుల లోపు సందులోకి అది రాదు. వీధి మొదట్లో ఆపి అక్కడి నుంచి తోపుడు బండి మీద తేవాలి, ఆ కూలి ముందే మాట్లాడాలి. మెట్లు రెండున్నర అడుగుల వెడల్పే ఉండే ఇళ్లు చాలా. మెట్ల మలుపు దగ్గర టేపు పెట్టి కొలవాలి, మూడడుగుల బీరువా అక్కడ తిరగదు. విప్పి బిగించే మంచం, బీరువా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లకు బాల్కనీ నుంచి తాడుతో లాగడమే గతి. బండ్ల వీధి, చిన్న బజారు వైపైతే అంగళ్లు తెరవకముందే పని అయిపోవాలి. పాలు పొంగించే ముహూర్తం పదకొండింటికి పెట్టినా స్టవ్వు, గిన్నె మాత్రం ఆరింటికే లోపల ఉండాలి.

గ్యాసు కనెక్షను ఊళ్లోనే మారితే సిలిండరు, రెగ్యులేటరు అప్పగించక్కర్లేదు, కాగితం మార్చుకుంటే చాలు. వేరే ఊరి నుంచి వస్తే రెండూ అప్పగించి డిపాజిట్టు వెనక్కి తీసుకోవాలి, ఇక్కడ మళ్లీ కట్టాలి.

చేరాక నేర్చుకోవాల్సింది జనం క్యాలెండరు. తిరుమల సర్వదర్శనం టోకెన్లు ఇచ్చే దేవస్థానం వసతి గృహాలు రెండు, విష్ణునివాసం స్టేషనుకు ఎదురుగా, శ్రీనివాసం బస్టాండుకు ఎదురుగా ఉన్నాయి. రద్దీ రోజుల్లో ఆ ఫుట్‌పాత్‌లు మనవి కావు, లోపలి సందులు పట్టుకోవాలి. పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలు, వైకుంఠ ఏకాదశికి ముందు రోజులు మరీ కష్టం. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. అలాంటి రోజు క్యూ కనిపిస్తే దాని పక్క నుంచి దూరుకుని పోదామనుకోకుండా వెనక్కి తిరగాలి.

వైశాఖంలో గోవిందరాజుల బ్రహ్మోత్సవాలు. పొద్దున, రాత్రి వాహనం మాడవీధులు తిరిగే వేళకు బండ్లు ఆపేస్తారు, నడిచేవాళ్లకు అదే వరం. రథం రోజున మాత్రం ఇంట్లోంచి బయటికి రావాలన్నా, లోపలికి పోవాలన్నా రథం కదలికను బట్టే. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇలా రోజుకో వేషం. వేషగాళ్లు ఎదురుపడి బూతులు తిడితే కొత్తవాళ్లు కంగారు పడతారు. అది తిట్టు కాదు, మొక్కు. చివరి రాత్రి మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చూసి, తెల్లారకముందే దాని చెంప నరికిన మట్టి కోసం జనం ఎగబడతారు. పిల్లలతో అటు పోవద్దు. ఆ వారం గంగమ్మ గుడి వైపు ఆటో దొరకడమే గగనం, మామూలుగా ఆటో ఎక్కేవాళ్లు కూడా మనలాగే నడుస్తారు.

వానకాలం అంటే ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు. రైలు పట్టా ఊరిని రెండు చేస్తుంది, దాటడానికి ఉన్న అండర్‌బ్రిడ్జిలేమో పల్లంలో ఉంటాయి. వెస్ట్ చర్చి దగ్గరిది, డీఆర్ మహల్ దగ్గరిది పెద్ద వాన పడితే నిండుతాయి. ఎంత లోతో పైనుంచి తెలియదు. మోకాలి లోతు అనుకుని దిగేవాళ్లను చూసి మనం దిగకూడదు. పని పట్టాకు అవతల ఉంటే వాన తగ్గేదాకా వాయిదా వేయడమే. పట్టాకు అటు ఇల్లు, ఇటు ఉద్యోగం ఉండే బేరానికి నేనెవరికీ సలహా ఇవ్వను. వానలో కాలువ బండల మీద నడిచేటప్పుడు రెండు బండలు కలిసే చోట కాకుండా బండ మధ్యలో అడుగు వేయాలి, అంచు మీద బరువు పడితే తిరగబడుతుంది.

ఈ పేటలో ఉన్నవాళ్లకు దొరికే పెద్ద నడక అలిపిరి మెట్లు. ఇంటి నుంచి అలిపిరికి సుమారు 4 కిలోమీటర్లు. దాన్ని కూడా నడిస్తే మెట్ల దగ్గరకు చేరేసరికే పిక్కలు పట్టేస్తాయి. స్టేషను దగ్గర దేవస్థానం ఉచిత బస్సు ఎక్కితే అలిపిరిలో దింపుతుంది. అక్కడ సంచీ అప్పగిస్తే కొండపైకి ఉచితంగా చేరుస్తారు, చేతులు ఖాళీ. మెట్లు 3,550, దారి దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా నిటారుగా ఎక్కిస్తుంది, తొందరపడేవాళ్లు అక్కడే చతికిలబడతారు. ఆ తర్వాత చాలా దూరం తేలిక, చివర మోకాళ్ల పర్వతం మళ్లీ పరీక్ష పెడుతుంది. టైము తక్కువైతే శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టు ఉంది, 2,388 మెట్లే గానీ అక్కడికి బస్సో ఆటోనో తప్పదు. దిగేటప్పుడు మెట్ల జోలికి పోకుండా ఆర్టీసీ బస్సు ఎక్కితే మోకాళ్లు మిగులుతాయి, బస్టాండులో దిగి ఇంటికి నడిచి వచ్చే ఓపికా ఉంటుంది.