ఆడవాళ్ళ వార్డులో ఒక గంట

గుంటూరు, శనివారం రాత్రి.

ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, అంటే శ్రమకాలంలో, శనివారం వచ్చిందంటే మా స్త్రీల సమాజానికి తీరిక ఉండదు. ఇంటింటా అన్నం వండే ముందు పక్కకు తీసిన పిడికెడు బియ్యం ఆ రోజు చర్చి హాలుకు చేరుతుంది. మా అమ్మ, అమ్మమ్మ కూడా ఇలాగే తీసేవారు. సోనా మసూరి, రేషన్ బియ్యం, నూకలు అన్నీ ఒకే డబ్బాలో పోస్తే ఒకటి ఉడికేసరికి ఇంకొకటి చిమిడిపోతుంది. అందుకే సన్నవి, లావువి విడివిడిగా పోయిస్తాం. కలిసిపోయినవి నానబెట్టి అట్లకు రుబ్బుకుంటాం. పేదవాళ్ళకే కదా అని ఎలాగో ఒకలా ఉడకేసి పెట్టడం నాకు సహించదు. తినేవాళ్ళు ఇష్టంగా తినాలి.

మధ్యాహ్నం భోజనం పొట్లాలతో పెద్దాసుపత్రికి వెళ్ళాం. రోగులకు లోపల భోజనం అందుతుంది, వెంట వచ్చినవాళ్ళే పస్తులుంటారు. పల్నాడు నుంచి వచ్చిన ఒక అబ్బాయి పొట్లం తీసుకుని, విప్పకుండా అలాగే నిలబడ్డాడు. తల్లికి తుంటి ఎముక విరిగిందట. రాత్రిళ్ళు ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళను ఉండనివ్వరు కాబట్టి వరండాలో పడుకుంటున్నాడు. పగలు ఆమెను విడిచి కదలలేడు.

"అక్కా, ఒక్క గంట అమ్మ దగ్గర కూర్చుంటారా? స్నానం చేసి వస్తాను" అన్నాడు.

కూర్చున్నాను. పెద్దావిడ కాసేపు గోడ వైపే చూస్తూ ఉండిపోయింది. కొడుకు కనుమరుగయ్యాక నా చెయ్యి పట్టుకుని, బెడ్‌పాన్ కావాలని గొంతు తగ్గించి అడిగింది. కొడుకును అడగడానికి సిగ్గుపడి పొద్దుటి నుంచి నీళ్ళు తాగడమే మానేసిందట. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఆ మాట విన్నాక నా గొంతు పూడుకుపోయింది. సిస్టర్‌ను పిలిచి ఇద్దరం కలిసి ఆ పని చూశాం. ముఖం తుడిచి, జుట్టు చిక్కు తీసి జడ వేశాను.

"మీరెవరమ్మా?" అని అడిగింది. చర్చి నుంచి వచ్చామన్నాను.

"నేను వెంకటేశ్వరస్వామిని కొలిచేదాన్నమ్మా" అంది, కాస్త బెదురుగా.

"కొలుచుకోండి పెద్దమ్మా. ముందు ఈ నీళ్ళు తాగండి."

గ్లాసు నిండా తాగింది. కదలలేని మనిషి మంచం పక్కన కూర్చుని సాయాన్ని ఎరగా వేయడం క్రీస్తు పేరుకే అవమానమని నేను నమ్ముతాను. యేసు చెప్పిన కథలో, దారిలో పడి ఉన్నవాడి గాయాలు కట్టిన సమరయుడు, నీ దేవుడెవరని అతణ్ణి అడగలేదు. ఆమె కోసం చేయవలసిన ప్రార్థన ఇంటికి వచ్చాక నా గదిలో చేసుకున్నాను.

ఆడమనిషి పక్కన ఆడమనిషి ఉండవలసిన అవసరాన్ని ఈ ఊళ్ళో చాలా ముందే గుర్తించినవారు డాక్టర్ అన్నా కుగ్లర్. ఆమె 1883లో అమెరికా నుంచి మిషనరీగా ఇక్కడికి వచ్చారు. ఆమె స్థాపించిన ఆడవాళ్ళ ఆసుపత్రి తెరుచుకున్నది 1898లో. అది రాకముందే చేతిలో ఉన్నదానితోనే వైద్యం మొదలుపెట్టారు. 1930లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. వైద్యం అందక ఇళ్ళలోనే ప్రాణాలు వదిలే ఆడవాళ్ళు ఎందరో ఉన్న ఆ రోజుల్లో ఆమె పొద్దున్నే ఏ ధైర్యంతో లేచేవారో అని తరచూ ఆలోచిస్తుంటాను.

రాత్రి అమ్మాయి బెంగళూరు నుంచి ఫోను చేసింది. "ఎంత చేసినా ఆ వరండా ఖాళీ కాదు కదమ్మా" అంది. అలసిపోతానన్న దిగులుతో అన్న మాట అది. నిజమే, ఖాళీ కాదు. కానీ కరవులో ఏలీయా ప్రవక్తకు రొట్టె పెట్టిన సారెపతు ఊరి విధవరాలి పిండి తొట్టి నిండిందని బైబిలు వాక్యంలో ఎక్కడా లేదు. అందులోని పిండి తక్కువ కాలేదని మాత్రమే ఉంది. కరవు తీరేదాకా ఆమె రోజూ తొట్టిలో చెయ్యి పెట్టి చూసుకోవలసిందే, రోజూ ఆ పూటకు సరిపడా దొరికింది. నా నిరీక్షణ కూడా అలాంటిదే. కన్నీళ్ళన్నీ తుడిచే రోజు దేవుడిది, అది వస్తుందని నమ్ముతున్నాను. అందుకే ఈ వరండా అంతా నేనే ఖాళీ చేయాలన్న భారం నా మీద లేదు. ఒక మంచం పక్కన కూర్చోగలను. అమ్మాయికి ఇదే చెప్పాను. కాసేపు ఊరుకుని, "సరే, నీ మోకాలికి మందు రాసుకో" అంది.

పెద్దమ్మకు సోమవారం ఆపరేషన్ అంటున్నారు. మా సమాజం కార్యదర్శితో మాట్లాడాను. పొద్దున పదింటి దాకా ఆమె ఉంటుంది, ఆ తర్వాత సాయంత్రం దాకా నేను. రాత్రికి ఇంకా ఎవరూ కుదరలేదు. రేపు ఆరాధన అయ్యాక అడగాలి.